గెయిన్ చెవితో సెట్ చేయాలా, మల్టీమీటర్‌తోనా: ఏది మేలు?

కారులో యాంప్లిఫయర్ బిగించాక ఎక్కువ మంది తప్పు చేసేది గెయిన్ నాబ్ దగ్గరే. దాన్ని వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పేస్తారు. నిజానికి స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్ బలానికి తగ్గట్టు యాంప్‌ని సర్దే నాబ్ అది. స్టీరియో 4 వోల్టులు ఇస్తే గెయిన్ కొంచెం చాలు, 2 వోల్టులే ఇస్తే ఇంకాస్త కావాలి.

చెవితో చేస్తే పైసా ఖర్చు లేదు. బాస్ బూస్ట్, ఈక్వలైజర్ ఆపేసి, గెయిన్ పూర్తిగా తగ్గించి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు దాకా పెంచి, బాగా అలవాటైన పాట పెట్టండి. గెయిన్ నెమ్మదిగా పెంచుతూ పోతే ఒక చోట గొంతు గరగరలాడుతుంది. అక్కడ ఆగి కాస్త వెనక్కి తిప్పాలి. డోర్ స్పీకర్లకు ఇది చక్కగా సరిపోతుంది, ఎందుకంటే గొంతు చీలితే చెవి ఇట్టే పట్టేస్తుంది.

సబ్‌వూఫర్ (బాస్ కోసం పెట్టే పెద్ద స్పీకర్) దగ్గరే చెవి మోసపోతుంది. బాస్ క్లిప్ అవుతున్నా, అంటే యాంప్ ఇవ్వగల హద్దు దాటి సిగ్నల్ కొనలు తెగిపోతున్నా, మనకు మాత్రం ఇంకా గట్టిగా కొడుతున్నట్టే ఉంటుంది. నా మొదటి సబ్ అలాగే పోయింది. డిక్కీ తెరిస్తే కాలిన వార్నిష్ వాసన. కోన్‌ని నాలుగు వేళ్లతో మెల్లగా నొక్కితే లోపల కాయిల్ రాసుకుంటున్న గరగర వేళ్లకే తెలిసింది. పూర్తిగా క్లిప్ అయిన సిగ్నల్, అదే ఎత్తున్న శుభ్రమైన సిగ్నల్ కంటే రెట్టింపు పవర్ దాకా పంపగలదు. ఆ వేడికి కాయిల్ తట్టుకోలేదు.

మల్టీమీటర్ పద్ధతిలో ముందు లెక్క చూసుకోవాలి. పవర్‌ని ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే మనకు కావలసిన వోల్టేజ్ వస్తుంది. 4 ఓమ్‌ల సబ్‌కి 250 వాట్లు కావాలంటే సుమారు 31.6 వోల్టులు. స్పీకర్ వైర్లు ఊడదీసి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి (బండి ఆరుబయట ఉండాలి), 50 హెర్ట్జ్ టోన్ పెట్టి, మీటర్‌ని ఏసీ వోల్టులకు మార్చి యాంప్ స్పీకర్ టెర్మినల్స్ మీద పెట్టండి. చిన్న స్క్రూడ్రైవర్‌తో గెయిన్ వెంట్రుకవాసి తిప్పినా అంకె గబుక్కున ఎగురుతుంది, తొందరపడకుండా లెక్కలో వచ్చిన వోల్టేజ్ దాకా పెంచి ఆపండి.

దీనికీ లోపాలున్నాయి. అట్ట పెట్టె మీద రాసిన మ్యాక్స్ వాట్లను నమ్మి లెక్క కడితే మొత్తం తప్పే, ఆర్‌ఎంఎస్ (ఆగకుండా నిలకడగా ఇచ్చే పవర్) అంకె తీసుకోవాలి. 30 ఆంపియర్ల ఫ్యూజ్ ఉన్న యాంప్ 14 వోల్టుల దగ్గర బ్యాటరీ నుంచి లాగేదే 420 వాట్లు, అది 1000 వాట్లు ఎలా ఇస్తుంది? పైగా స్టీరియోలోనే సిగ్నల్ చీలిపోయి వస్తుంటే మీటర్‌కి ఆ సంగతి తెలియదు. చవక మీటర్లు చాలావరకు 50 హెర్ట్జ్ దగ్గర సరిగ్గా చూపినా, 1000 హెర్ట్జ్ టోన్ దగ్గర తేడా చూపిస్తాయి.

అందుకే నా మాట: సబ్‌కి మీటర్, డోర్ స్పీకర్లకు చెవి. ఆసిలోస్కోప్ (సిగ్నల్ ఆకారాన్ని తెర మీద గీసి చూపే పరికరం) దొరికితే అది రెండింటికన్నా మేలు, క్లిప్పింగ్ కంటికే కనిపిస్తుంది.

ఇంజిన్ రేస్ చేసినప్పుడల్లా స్పీకర్లలో పెరిగే కూతకు మాత్రం గెయిన్ తగ్గించి సరిపెట్టుకోకండి. ముందు యాంప్ ఎర్త్ వైర్ చూడండి: పొట్టి వైర్ వేసి, పెయింట్ గీకి, మెరిసే ఇనుము మీద బోల్టు బిగించాలి.