రివైజ్డ్ రిటర్నా, అప్‌డేటెడ్ రిటర్నా?

ఆదాయపు పన్ను రిటర్న్‌లో ఎఫ్‌డీ వడ్డీ చూపించడం మర్చిపోయారా? గడువు దాటకపోతే, వేసిన రిటర్న్‌ని సరిదిద్దే రివైజ్డే నయం. దాటితే, అదనపు పన్ను కట్టి వేసే అప్‌డేటెడ్ ఉంది.

ఖర్చు: రివైజ్డ్‌లో తేలిన పన్ను, వడ్డీ కడితే చాలు. అప్‌డేటెడ్‌లో ఆ రెండింటి మొత్తంపై అదనంగా 25 శాతం. ఆలస్యమైన కొద్దీ 50, 60, చివరికి 70 శాతం.

గడువు: 2024-25 అసెస్‌మెంట్ ఇయర్‌కి (అంటే 2023-24 ఆదాయానికి) రివైజ్డ్ దేశంలో ఉండే వ్యక్తులకు 2025 జనవరి 15తోనే ముగిసింది. అప్‌డేటెడ్‌కి 2029 మార్చి 31 దాకా టైముంది.

రిస్క్: రివైజ్డ్‌ని గడువులోపు మళ్లీ సరిదిద్దుకోవచ్చు. అప్‌డేటెడ్ ఒక్కో అసెస్‌మెంట్ ఇయర్‌కి ఒక్కసారే, కాబట్టి ముందు ఏఐఎస్‌ (పన్ను శాఖ దగ్గరున్న మీ ఆదాయ వివరాల పట్టిక) తెరిచి ప్రతి వరుసా చూసుకోండి. చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు.

80సీ (పీఎఫ్, ఎల్ఐసీ లాంటి పొదుపులపై) మినహాయింపు మర్చిపోయి రీఫండ్ పెంచుకోవాలంటే అప్‌డేటెడ్ పనికిరాదు. గడువు దాటాక ఆదాయం దాగిపోయిందని తేలితే మాత్రం, నోటీసు టెన్షన్ కన్నా 25 శాతమే చవక.