గోడ బయట ఇల్లు: రోమ్‌లో ఒక ఫిబ్రవరి నెల

రోమ్ ఖరీదైన ఊరని చెప్పేవాళ్లలో ఎక్కువ మంది మూడు రాత్రులు ఉండి వచ్చినవాళ్లే. మూడు రాత్రులకైతే అది నిజంగానే ఖరీదు. టైము ఉండదు కాబట్టి హోటలు కొలోసియం పక్కనే కావాలి, ప్రతి పూటా బయటే తినాలి. నెలంతా ఉంటే ఈ లెక్క మారిపోతుంది. అప్పుడు ఖర్చులో పెద్ద వాటా ఇంటి అద్దెదే. అందుకని నేనూ మా వారూ ఏం చూడాలన్నది తర్వాతకు వదిలేసి, ముందు ఇల్లు ఎక్కడ తీసుకోవాలన్నదే ఆలోచించాం.

ఫిబ్రవరిని ఎంచుకోవడానికి చలి తప్ప అన్నీ అనుకూలించాయి. అద్దెలు, విమానం టికెట్లు ఆ నెలలో తక్కువగా ఉంటాయి. నవంబరులోనూ తక్కువే గానీ, అక్కడ వానలు బాగా పడేది అప్పుడే. ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. రోమ్ సిటీ బస్సు, మెట్రో, ట్రామ్‌లకు కలిపి నెల పాసు 35 యూరోలు. అది కొన్న రోజు నుంచి నెల రోజులు కాదు, క్యాలెండరు నెలకు చెల్లుతుంది. పదిహేనో తారీఖున దిగితే సగం పాసు వృథా. అలాగే ఇటలీలో 30 రోజులకు మించని అద్దెకు కాంట్రాక్టు రిజిస్టరు చేయించనక్కర్లేదు. అందుకే ఇంటివాళ్లు 31వ రోజు అనగానే వెనకాడతారు. ఒకటో తారీఖు నుంచి నెలాఖరు దాకా అంటే రెండూ కుదురుతాయి. రాత్రికింతని వేసే టూరిస్టు పన్ను కూడా ఒకే చోట ఉంటే మొదటి 10 రాత్రులకే.

వీసా గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఇటలీతో పాటు చాలా ఐరోపా దేశాలకు పనికొచ్చే షెంగెన్ వీసాకు ఫీజు పెద్దలకు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్సు తప్పనిసరి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే అప్లై చేయవచ్చు. వీసా వచ్చేదాకా మాత్రం క్యాన్సిల్ చేసుకునే వీలున్న బుకింగే పెట్టుకోండి. నెల అద్దె ముందే కట్టేసి స్టాంపు కోసం ఎదురుచూసే టెన్షన్ ఎవరికీ వద్దు.

ఇక అసలు విషయం, పేటలు. త్రస్తేవెరె ఫొటోల్లో ఎంత అందంగా ఉంటుందో చూస్తే అంతకన్నా అందంగా ఉంది. కానీ అక్కడ మెట్రో లేదు, రాత్రి ఒంటిగంట దాకా కిటికీ కింద గ్లాసుల చప్పుడే. సాయంత్రం వెళ్లి తిరిగి రావడానికి మంచిది. వాటికన్ పక్కన ప్రాతి వెడల్పాటి వీధులతో శుభ్రంగా, కుదురుగా ఉంటుంది, అద్దె కూడా ఆ స్థాయిలోనే చెబుతారు. టెర్మినీ స్టేషను చుట్టూ గదులు చవక. రెండు రాత్రులకు పర్వాలేదు, నెల ఉండే చోటు కాదు. పిన్యేతో చవక, మెట్రో సి లైను ఉంది, కుర్రకారుకు నచ్చుతుంది. గర్బతెల్లా 1920లో మొదలుపెట్టి పనివాళ్ల కోసం కట్టిన తోటల పేట. మెట్లూ పెరళ్లూ ఉమ్మడి దండేల మీద ఆరేసిన బట్టలూ చూస్తూ నడవడం నాకు బాగా నచ్చింది. అద్దె ఇల్లు దొరకడమే కష్టం.

మేం తీసుకున్నది శాన్ జొవాన్నీలో. క్రీ.శ. 271లో చక్రవర్తి అరేలియన్ మొదలుపెట్టిన కోట గోడ ఇప్పటికీ ఊరి చుట్టూ చాలావరకు నిలిచే ఉంది. ఆ గోడకు లోపలి వైపు రోమ్ కెథడ్రల్, అంటే పోపు బిషప్పుగా కూర్చునే గుడి. చాలామంది వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ అనుకుంటారు గానీ ఆ హోదా లాటరన్‌లోని ఈ శాన్ జొవాన్నీ చర్చిదే. గోడకు బయటి వైపు సూపర్ మార్కెట్లు, చెప్పుల షాపులు, బడిపిల్లలు, మందుల షాపులతో మామూలు మధ్యతరగతి పేట. గోడ దాటితే చాలు, అద్దె తగ్గుతుంది. ఇటు ఏ లైను, అటు సి లైను మెట్రో రెండూ అక్కడే కలుస్తాయి. కొలోసియానికి నడిచే వెళ్లేవాళ్లం.

ఆ మెట్రో స్టేషనే ఒక మ్యూజియం. సి లైను తవ్వేటప్పుడు బయటపడినవన్నీ అక్కడే అద్దాల్లో పెట్టారు. ఎంత లోతుకు దిగితే ఏ కాలానికి వెళ్లినట్టో గోడల మీద గుర్తులుంటాయి. రోమన్ల నాటి వ్యవసాయ క్షేత్రం, దాని పెద్ద నీటి తొట్టి, చివరికి ఆనాటి పీచ్ పళ్ల గింజలు కూడా దొరికాయట. చూడ్డానికి విడిగా టికెట్టు లేదు, పాసు చాలు.

ఇల్లు మాట్లాడుకునేటప్పుడు అడగాల్సినవి మన ఊళ్లో అడిగేవి కావు. మొదటిది హీటింగు. పాత అపార్టుమెంట్లలో హీటింగు బిల్డింగు మొత్తానికి ఒకటే, కమిటీ పెట్టిన వేళల్లోనే వెలుగుతుంది. మధ్యాహ్నం ఆపేస్తే ఇంట్లో శాలువా కప్పుకుని కూర్చోవడమే. ఏ వేళల్లో ఉంటుందో రాతపూర్వకంగా చెప్పించుకోండి. రెండోది కరెంటు. అక్కడి ఇళ్లకు మామూలుగా 3 కిలోవాట్ల కనెక్షనే. వాషింగ్ మెషీను తిరుగుతుండగా ఇండక్షన్ పొయ్యి, గీజరు కూడా వేస్తే మీటరు ట్రిప్ అవుతుంది. మీటరేమో కింద మెట్ల దగ్గరుంటుంది. గ్యాసు పొయ్యి ఉన్న ఇల్లయితే మన వంటకు హాయి. మూడోది లిఫ్టు. నాలుగోది, ప్రకటనలో సి.ఐ.ఎన్. అనే ప్రభుత్వ కోడ్ నంబరు ఉందా లేదా. 2025 నుంచి అది లేకుండా టూరిస్టులకు ఇల్లు ప్రకటించకూడదు. మాకు ముందు నచ్చిన ఒక ఇంటాయన బుకింగ్ సైటుతో పనిలేకుండా నేరుగా బ్యాంకులో డబ్బు వేస్తే తగ్గిస్తానన్నాడు. ఆ నంబరు అడిగితే మళ్లీ జవాబే లేదు.

కన్యాస్త్రీలు నడిపే వసతి గృహాలు కూడా కనుక్కున్నాం. గదులు అద్దంలా ఉంటాయి, భయం లేదు, ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు నేనైతే అవే చెబుతాను. రాత్రి ఫలానా టైముకు తలుపు వేసేస్తారు, అది మాకు ఇబ్బంది కాదు. వంటగది ఉండదు, అందుకే వదులుకున్నాం. నెల రోజులు వంటగది లేకుండా ఉండటం శాకాహారులకు డబ్బుకూ కష్టం, నోటికీ కష్టం.

సరుకులకు మాకు పియాజ్జా విత్తోరియో దగ్గరి ఎస్క్విలీనో మార్కెట్టే దిక్కు. శాన్ జొవాన్నీ నుంచి మెట్రోలో రెండో స్టాపు. రోమ్‌లో బంగ్లాదేశీయులు చాలామంది ఉన్నారు, ఆ మార్కెట్లో, చుట్టుపక్కల షాపుల్లో వాళ్లవే ఎక్కువ. కందిపప్పు, బియ్యం, పచ్చిమిర్చి, బెండకాయలు, కొత్తిమీర అన్నీ దొరికాయి. చింతపండు, ఇంగువ మా పెట్టెలోనే ఉన్నాయి. మొదటి వారం పప్పుచారు పెడితే మా వారు, “ఇంత దూరం వచ్చి ఇక్కడా ఇదేనా?” అన్నారు. “మరి రాత్రి బయట తిందామండీ” అన్నాను. అదే పద్ధతి అయిపోయింది: పగలు ఇంట్లో వండింది, వారానికి రెండు మూడు సాయంత్రాలు బయట.

బయట తినేటప్పుడు శాకాహారులు కొన్ని గుర్తుంచుకోవాలి. సుప్లీ అనే వేయించిన అన్నం ఉండల్లో మామూలుగా మాంసం సాస్ ఉంటుంది, అడగకుండా తినకండి. పుంతరెల్లె అనే చలికాలపు సలాడ్ పచ్చగా ఊరిస్తుంది, దాని డ్రెస్సింగులో చేపలుంటాయి. పెకొరీనో రొమానో చీజును గొర్రెపిల్ల కడుపులోంచి, పర్మెజానోను దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో, అంటే పాలను గడ్డకట్టించే పదార్థంతో చేస్తారు. పట్టింపు ఉన్నవాళ్లకు చీజు లేని మరినారా పిజ్జా నిశ్చింత. తూకానికి కోసి ఇచ్చే పిజ్జా షాపులు ప్రతి వీధిలో ఉన్నాయి. వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి వేయించిన చికోరియా ఆకుకూర, ఫిబ్రవరిలో మొదలయ్యే గుండ్రటి రోమన్ ఆర్టిచోకులు (కూరగా వండుకునే పూమొగ్గలు) మాకు పండగే. క్రైస్తవుల ఉపవాస దినాలకు ముందు వచ్చే కార్నివాల్ పండగ రోజుల్లో బేకరీల్లో ఫ్రాప్పె పెడతారు. గవ్వల పిండిని పలచగా రేకులా వత్తి, వేయించి, పంచదార పొడి చల్లినట్టుంటుంది. కాఫీ కౌంటరు దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కుర్చీలో కూర్చుంటే ఇంకో ధర. టూరిస్టులుండే కూడళ్లలో రెండోది చూసి గుండె ఆగుతుంది. నీళ్ల సీసాలు కొనొద్దు. వీధి కుళాయిలు నాసోనీలు ఊరంతా రెండు వేలకు పైగా ఉన్నాయి, చల్లటి మంచినీళ్లు నిరంతరం పారుతుంటాయి.

చూడాల్సిన వాటిలో డబ్బు పెట్టాల్సినవి తక్కువే. కొలోసియం, దాని పక్కనే ఉన్న పాత రోమన్ శిథిలాలు ఫోరం, పాలటైన్ గుట్ట కలిపి 18 యూరోలు. టికెట్టు మీద పేరుంటుంది, పాస్‌పోర్టు తీసుకెళ్లాలి. నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలన్నీ ఉచితం. ఆ రోజు కొలోసియం క్యూలో నిలబడటం కన్నా టెర్మినీ స్టేషను పక్కన పలాజ్జో మాసిమో మ్యూజియానికి వెళ్లండి. అక్కడ చక్రవర్తి అగస్టస్ భార్య లివియా ఇంటి గోడల మీద వేసిన తోట బొమ్మ ఉంది. నాలుగు గోడలా దానిమ్మలు, పిట్టలు, లేత నీలం ఆకాశం. రెండు వేల ఏళ్ల నాటిదంటే నమ్మబుద్ధి కాదు. కింది అంతస్తులో నాణేల గది ఉంది. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో రోమన్ వెండి నాణేల నిధి బయటపడిందని చదివి ఉన్నాను కాబట్టి, ఆ గదిలో మా వారికన్నా నేనే ఎక్కువసేపు ఉన్నాను.

నెల పాసుతోనే వెళ్లగలిగిన గొప్ప చోటు ఒస్తియా అంతీకా, పాత రోమ్ రేవు పట్నం. పిరమిదె మెట్రో దగ్గరి పోర్తా శాన్ పావ్‌లో స్టేషను నుంచి లోకల్ రైలు. సోమవారం సెలవు. పాంపేయి అంత పేరు లేదు, అంత జనమూ లేరు. వర్తకుల ఆఫీసుల ముందు నేల మీద నల్ల, తెల్ల రాళ్లతో ఓడలు, ఒకచోట ఏనుగు. పిండి మరలు, సత్రం కౌంటరు, మెట్లతో సహా నిలిచిన అద్దె వాటాల భవనాలు. అప్పట్లోనూ జనం అంతస్తుల్లో అద్దెకే ఉండేవారన్నమాట. పూటంతా పెట్టుకుని వెళ్లాలి. ఏమీ ఖర్చు పెట్టకుండా నడవాలంటే ఏ లైనులో జూలియో అగ్రికోలా స్టాపులో దిగి అక్వెడక్టుల (ఊరికి నీళ్లు తెచ్చిన పాత కాలువల) పార్కుకు వెళ్లండి. క్రీ.శ. 52లో పూర్తయిన క్లాడియన్ కాలువ తోరణాలు, పైన్ చెట్లు, కుక్కల్ని తిప్పే ఊరివాళ్లు.

సర్వీసుల్లో మెట్రో నమ్మొచ్చు, బస్సు నమ్మలేం. సమ్మెలు మామూలే, తరచు శుక్రవారాల్లో. ఆ రోజుల్లోనూ పొద్దున, సాయంత్రం కొన్ని గంటలు తప్పనిసరిగా నడుపుతారు, దాన్ని బట్టి చూసుకోవాలి. టెర్మినీ నుంచి వాటికన్ వైపు వెళ్లే 64 నంబరు బస్సు జేబుదొంగలకు పేరుమోసింది, బ్యాగు ముందు వైపు పెట్టుకోండి. మందుల షాపులకు ఆకుపచ్చ శిలువ గుర్తు. రోజూ వేసుకునే బీపీ, షుగరు మాత్రలు మాత్రం నెలకు సరిపడా, డాక్టరు చీటీతో సహా ఇక్కడి నుంచే తీసుకెళ్లాలి.

విమానం, వీసా కాకుండా ఇద్దరికీ కలిపి రమారమి 2,100 యూరోలైంది. అందులో ఇల్లే 1,350. యూరోకు నూరు రూపాయలు వేసుకుంటే లెక్క సులువు. హోటలు, బయటి తిండి పద్ధతిలో ఇదే డబ్బు పది రోజులకు మించి వచ్చేది కాదు.

గోడ బయట ఉండటంలో ఒక్క నష్టం ఉంది. ఫ్యుమిచీనో ఎయిర్‌పోర్టుకు టాక్సీ నిర్ణీత ధర గోడ లోపలి ఇళ్లకే వర్తిస్తుంది, బయటి వాళ్లకు మీటరే. మేం టాక్సీ జోలికి పోలేదు. శాన్ జొవాన్నీకి దగ్గర్లోనే తుస్కొలానా స్టేషను ఉంది. అక్కడి నుంచి ఎయిర్‌పోర్టుకు ఎఫ్.ఎల్.1 రైలు మనిషికి 8 యూరోలు. టెర్మినీ నుంచి నేరుగా వెళ్లే ఎక్స్‌ప్రెస్‌కైతే 14. మెషీన్లో కాగితం టికెట్టు తీసుకుంటే ప్లాట్‌ఫారం మీది పెట్టెలో ముద్ర వేయించుకుని ఎక్కాలి, లేకపోతే జరిమానా వేస్తారు.