ఎదురు నిలిచిన జనం, ఏడిపించిన జనం

టెన్నిస్ ఆటగాడు నోవాక్ జొకోవిచ్ ఆడిన రెండు ఫైనల్స్, 2019 వింబుల్డన్, 2021 యూఎస్ ఓపెన్, పక్కపక్కన పెట్టి చూస్తే, జనం మద్దతు గురించి మనం మామూలుగా అనుకునేది తలకిందులవుతుంది.

2019 వింబుల్డన్‌లో సెంటర్ కోర్టు జనం దాదాపు అంతా ప్రత్యర్థి రోజర్ ఫెదరర్ వైపే. ఐదో సెట్ 8-7, 40-15, ఆధిక్యం, సర్వీస్ రెండూ ఫెదరర్‌వే; ఇంకొక్క పాయింట్ వస్తే మ్యాచ్ అతనిదే. ఆ రెండు మ్యాచ్ పాయింట్లూ కాచుకుని, 4 గంటల 57 నిమిషాలకు జొకోవిచ్ గెలిచాడు. జనం "రోజర్" అంటుంటే తాను "నోవాక్" అని వింటానని తర్వాత చెప్పాడు. మొండిఘటం!

2021 యూఎస్ ఓపెన్‌లో సీన్ రివర్స్. 1969లో రాడ్ లేవర్ తర్వాత ఒకే ఏడాది నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ (టెన్నిస్‌లో అతిపెద్ద టోర్నీలు) గెలిచే మగవాడు జొకోవిచే అవుతాడని న్యూయార్క్ జనం ఊగిపోయారు. మూడో సెట్‌లో తన మ్యాచ్ పాయింట్ దగ్గర ఆ గోలలో ప్రత్యర్థి మెద్వెదెవ్ డబుల్ ఫాల్ట్ (రెండు సర్వీసులూ తప్పడం) చేశాడు కూడా. కానీ మెద్వెదెవ్ 5-4తో ముందున్నప్పుడు విరామంలో కూర్చున్న జొకోవిచ్ టవల్‌లో మొహం పెట్టి ఏడ్చేశాడు. తర్వాతి గేమ్‌లోనే మ్యాచ్ అయిపోయింది: 6-4, 6-4, 6-4తో మెద్వెదెవ్ గెలిచాడు.

ఓటమికి కన్నీళ్లే కారణమనను. సెమీస్‌లో జ్వెరెవ్‌తో ఐదు సెట్లు ఆడిన అలసట ఉంది, మెద్వెదెవ్ సర్వీస్ అదిరింది. అయితే తిట్టేవాళ్ల ముందు బిగుసుకున్న మనిషి, మెచ్చుకునేవాళ్ల ముందు కరిగిపోయాడు.