పాత ట్రాక్టరు డీజిల్ ట్యాంకు కారుతుంటే మాటు వేయడమా, బ్రేజింగా, వెల్డింగా: ఏది మేలు?

ఎడగారు దుక్కులకు ముందు బుచ్చిరెడ్డిపాళెం, కోవూరు వైపు రైతులు నన్ను ఏటా అడిగే ప్రశ్న ఒకటే: పాత ట్రాక్టరు ట్యాంకు అడుగున డీజిల్ చెమరుస్తోంది, తగరం, సీసం కరిగించి అతికే మాటు వేయించాలా, వెల్డింగ్ పెట్టించాలా, ట్యాంకే మార్చాలా? ఈ వేసవిలో మా నాన్నగారి కాలం నాటి మహీంద్రా బి-275కు నేనే ఆ పని చేయించవలసి వచ్చింది కనుక, తూచి చూసి తెలుసుకున్నది రాస్తున్నాను.

ముందుగా ఆ చిల్లు ఎందుకు పడిందో చూడాలి. నీరు డీజిల్ కంటే బరువు. ఈశాన్య రుతుపవనాల కాలంలో సగం ఖాళీగా నిలిపిన ట్యాంకులో పట్టిన చెమ్మ బొట్లు బొట్లుగా అడుగుకు దిగి, ఏళ్ల తరబడి అక్కడే నిలిచి, రేకును లోపలి నుంచి తినేస్తుంది. అందువల్ల బయటికి గుండుసూది మొనంత కనిపించే చిల్లు చుట్టూ రూపాయి బిళ్ల మేర రేకు పలచబడి ఉంటుంది. నా ట్యాంకును దింపి స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూస్తే, గట్టి చోట ఖంగుమన్న రేకు చిల్లు దగ్గర అట్టముక్కలా పలికింది. మొనతో కాస్త నొక్కగానే మరో రెండు చిల్లులు తెరుచుకున్నాయి. ఏ పద్ధతి మేలో తేల్చేది ఈ పలచబడిన రేకేనని నా నమ్మకం.

కరెంటు వెల్డింగ్ వేడికి ఇలాంటి రేకు నిలవదు. మా బావమరిది ట్యాంకును ఒక షాపులో వెల్డింగుకు ఇస్తే, ఒక చిల్లు పూడ్చబోగా దాని అంచు కరిగి మరొకటి, దాన్ని పూడ్చబోగా ఇంకొకటి పడి, చివరికి అడుగు రేకు మొత్తం కోసి కొత్తది వేయవలసి వచ్చింది. గ్యాసుతో ఇత్తడి కడ్డీ కరిగించి చేసే బ్రేజింగ్ ఇంతకంటే నయం, అతుకూ గట్టిది. ట్యాంకును బిగించే పట్టీల దగ్గర, అదురు ఎక్కువగా తగిలే చోట అదే సరైనదని ఒప్పుకుంటాను. అయితే దానికి కూడా సుమారు 900 డిగ్రీల వేడి కావాలి, మంట నేరుగా ట్యాంకును తాకాలి.

మాటుకు వాడే తగరం, సీసం మిశ్రమం 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. రేకు వంగదు, పక్కనున్న పాత అతుకులు విడిపోవు. అన్నిటికంటే ముఖ్యంగా, రాగి కడ్డీని కొలిమిలో దూరంగా కాల్చి తెచ్చి పని చేస్తారు కనుక మంట ట్యాంకు దరికి రాదు. డీజిల్ పెట్రోలులా అంటుకోదులే అనే మాట మన ఎండల్లో చెల్లదు. మన దేశపు ప్రమాణం ప్రకారం డీజిల్ ఆవిరి నిప్పు అందుకోగల కనీస ఉష్ణోగ్రత 35 డిగ్రీలు; రోహిణి కార్తెలో నెల్లూరు 40 దాటుతుంది. ఖాళీ ట్యాంకులో మిగిలేది ఆ ఆవిరే. కనుక మాటుకైనా సరే, వేడినీళ్లూ చాకలి సోడా పోసి కనీసం మూడుసార్లు కడగండి. తర్వాత ట్యాంకును తలకిందులు చేసి, మూత బిగించి, ఇప్పుడు పైకి వచ్చిన కుళాయి రంధ్రంలోంచి చిల్లుకు రెండు వేళ్ల కిందివరకూ నీళ్లు నింపి, ఆ రంధ్రాన్ని తెరిచే ఉంచాలి. ఇంత జాగ్రత్త తీసుకోని చోట ఏ పనీ చేయించకండి.

చిల్లు మీద సీసం చుక్క పెట్టి వదిలేస్తే అది మాటు కాదు. అదురుకు నెల తిరక్కుండానే ఊడుతుంది. గట్టి రేకు దొరికేదాకా తుప్పు గీకి, ఆ మేరకు ముందు కళాయి పట్టించి, దాని మీద అంగుళం చొప్పున అన్ని వైపులా మించేలా కళాయి రేకు ముక్క పరిచి అతకాలి. పని అయ్యాక, సీసం పట్టడానికి పూసిన ఆమ్లపు మడ్డిని నీళ్లతో కడగకపోతే అదే కొత్త తుప్పుకు మొదలవుతుంది. మరొక్క సంగతి: ఒకసారి సీసం తగిలిన చోట దాన్ని పూర్తిగా తీసేయకుండా బ్రేజింగ్ సరిగా పట్టదు. అందుకే పట్టీల దగ్గర చిల్లయితే మొదటే బ్రేజింగుకు వెళ్లండి.

ట్యాంకులో పోసి తిప్పే పూత మందు, లోపలి తుప్పు పూర్తిగా పోకపోతే పొరలుగా ఊడి ఫిల్టరుకు అడ్డం పడుతుంది. ఎం-సీల్, బట్టల సబ్బు వంటివి పొలం నుంచి ఇంటికి చేరడానికి పనికొస్తాయి. అడుగంతా జల్లెడైతే ట్యాంకు మార్చడమే దారి.

మాటును నీళ్లతో పరీక్షించి తృప్తిపడవద్దు. నీరు దూరని సందులో కూడా డీజిల్ దూరుతుంది. బయట సున్నం పూసి ఆరనిచ్చి, లోపల డీజిల్ పోసి రాత్రంతా ఉంచాను. తెల్లారి చూస్తే సున్నం మీద ఒక మూల శనగగింజంత మరక కనిపించింది. అక్కడ మళ్లీ కడ్డీ పెట్టించి, మర్నాడు సున్నం తెల్లగా ఉన్నాకే ట్యాంకును ట్రాక్టరు మీదికి ఎక్కించాను.