పాత లాన్ మోవర్ కొనేవారికి హెచ్చరిక: ముందు సీటు ఎత్తి చూడండి

విశాఖ చుట్టుపక్కల తోటలు, ఫంక్షన్ హాళ్ల పచ్చికలు, లేఅవుట్ల పార్కులు చూసుకునేవారు ఇది చదవాలి. కూర్చుని నడుపుతూ గడ్డి కోసే యంత్రం, అంటే లాన్ మోవర్, కొత్తది కొనాలంటే లక్షలు పెట్టాలి. అందుకే చాలామంది పాతదాని కోసం వెతుకుతారు. ఆ అవసరం కనిపెట్టి, ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న యంత్రాలను తెచ్చి, రంగు కొట్టి, "మొత్తం విప్పి బాగుచేశాం" అని అంటగడుతున్నారు. మా బావగారు అలాంటిదొకటి లక్షా పాతిక వేలకు కొన్నారు. గొడవ ఇంకా తేలలేదు కనుక దుకాణం పేరు రాయడం లేదు. వాళ్ల ఎత్తుగడలు మాత్రం ఒక్కటీ దాచను.

ముందు, ప్రాణం మీదికి వచ్చిన సంగతి. ఆనందపురం దగ్గర బావగారి తోటలో తోటమాలి గడ్డి కోస్తుండగా దారిలో నీళ్ల పైపు అడ్డం వచ్చింది. దాన్ని పక్కకు లాగుదామని సీటు మీద నుంచి దిగాడు. బ్లేడ్లు తిరుగుతున్నప్పుడు మనిషి సీటు వదిలితే ఇంజిను దానంతట అదే ఆగిపోవాలి. అందుకోసమే సీటు కింద ఒక స్విచ్చి పెడతారు. ఇది ఆగలేదు. పైపు కొస బ్లేడ్లను కప్పి ఉండే ఇనుప రేకు (డెక్) కిందికి పోయి, ముక్కలు ముక్కలై పక్కనున్న గోడకు తగిలింది. "మనిషి దిగినా ఇది ఆగడం లేదు బాబూ" అని అతను వచ్చి చెప్పినప్పుడు గొంతులో ఇంకా వణుకు ఉంది. ఈ బ్లేడు కొస గంటకు 300 కిలోమీటర్లకు దగ్గరగా తిరుగుతుంది. పైపు ఉన్నచోట పాదం ఉంటే ఏమయ్యేదో నేను చెప్పనక్కరలేదు.

సీటు ఎత్తి చూశాం. స్విచ్చి లేదు. దానికి వెళ్లాల్సిన రెండు వైర్లను మెలిపెట్టి కలిపి, నల్ల టేపు చుట్టి ఉంచారు. టేపు మీద కూడా కొత్త రంగు పడింది. విప్పితే లోపల రాగి తీగలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. అంటే ఆ ముడి నిన్నా మొన్నా వేసింది కాదు. మొత్తం విప్పి బాగుచేశామన్నవారు దాన్ని చూశారు, చూసి దాని మీదుగానే రంగు కొట్టుకుంటూ పోయారు. బ్రేకు దగ్గరి స్విచ్చిదీ అదే కథ. బ్రేకు తొక్కకపోతే సెల్ఫ్ తిరగకూడదు, ఇందులో తాళం తిప్పితే చాలు తిరుగుతోంది. ఫోను చేసి నిలదీస్తే, "అవి ఉంటే ఊరికే ఇబ్బంది సార్, అందరూ తీసేయించుకుంటారు" అన్నాడు అమ్మిన వ్యక్తి. డబ్బు విషయంలో మోసం చేసినవాణ్ణి ఏదో ఒకనాటికి మరిచిపోతానేమో గానీ, ఈ మాట అన్నవాణ్ణి మరిచిపోను.

ఇక బండి వయసు సంగతి. అమ్మినవాళ్లు చెప్పిన కథ ఇది: బీచ్ వైపు ఒక రిసార్టు వారు 2013లో కొన్నారట, ఏడాది వాడారట, 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి పచ్చికంతా పాడైపోతే షెడ్డులోకి తోసేశారట. వినడానికి నమ్మదగిన కథే. ఆ తుపాను చూసిన విశాఖవాసి ఎవరైనా కాదనలేడు. ఇంజిను మాత్రం వేరే మాట చెప్పింది. మా బండికి ఉన్నలాంటి బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కంపెనీ ఇంజిన్ల మీద మోడల్, టైప్, కోడ్ అని మూడు నంబర్లు కొట్టి ఉంటాయి. కోడ్‌లో మొదటి రెండు అంకెలు తయారైన సంవత్సరం, తర్వాతి రెండు నెల, ఆ తర్వాతి రెండు తేదీ. మా బండి మీద ఆ నంబర్లు కనిపించకుండా మందంగా రంగు పూశారు. థిన్నర్ గుడ్డతో తుడిస్తే కోడ్ 03తో మొదలైంది. 2013 కాదు, 2003. పనిలో పనిగా మోడల్ నంబరు కూడా చూసుకోండి. అది 31తో మొదలైతే సిలిండర్ పరిమాణం 31 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 500 సీసీ. బానెట్ మీద అంటించిన హార్స్‌పవర్ స్టిక్కరుకు, లోపలున్న ఇంజినుకు పొంతన ఉందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

అమ్మేటప్పుడు ఇంజిను ఒక్క దెబ్బకు స్టార్టయింది. కారణం ఆ తర్వాత మా మెకానిక్ విడమరిచి చెప్పాడు. మేము వెళ్లేసరికే దాన్ని నడిపి వేడి చేసి ఉంచారు. పైగా బండి ట్యాంకు నుంచి కాకుండా, పైన కట్టిన చిన్న సీసా నుంచి పెట్రోలు ఇచ్చారు. "ట్యాంకు కడిగి ఆరబెట్టాం సార్" అన్నారు అప్పుడు. నిజానికి చాలా బండ్లలో ట్యాంకు కార్బురేటర్ కంటే కిందికి ఉంటుంది, పెట్రోలును పైకి లాగడానికి చిన్న పంపు ఉంటుంది. ఆ పంపు లోపలి పలచని పొర చిరిగిపోతే ఇంజినుకు పెట్రోలు అందదు. సీసాను పైన కడితే పంపుతో పనే లేదు కదా. ఇంటికి తెచ్చి ట్యాంకు నింపాక రెండు నిమిషాలు నడిచి ఆగిపోయింది. కార్బురేటర్ గిన్నె విప్పితే అడుగున పాత పెట్రోలు గోధుమరంగు జిగురై అంటుకుని ఉంది. మన బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఈ చిన్న ఇంజిన్లలో చాలావాటికి తయారీదారులు 10 శాతం వరకే అనుమతిస్తారు. సముద్రం పక్కనుండే ఊరిలో, వాడకుండా నెలలు ఉంచే బండిలో పెట్రోలు వదిలేస్తే కార్బురేటర్‌కు చేటే. ఇంజిను ఆయిలు కొలిచే పుల్ల తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన కొడితే కార్బురేటర్ లోపలి సూది సరిగా మూయడం లేదన్నమాట, పెట్రోలు ఆయిల్లోకి దిగుతోంది. పలచబడిన ఆయిలుతో నడిపితే ఇంజిను ఎంతో కాలం మిగలదు.

అన్నిటికంటే పెద్ద మోసం డెక్ అడుగున జరిగింది. బ్లేడ్లను కప్పి ఉండే ఆ ఇనుప రేకుకు తడి గడ్డి అంటుకుని ఉంటుంది, మన ఉప్పుగాలి దానికి తోడవుతుంది. పైనుంచి చూస్తే నిగనిగలాడుతోంది. జాకీ పెట్టి లేపి, బ్లేడు తిరిగే ఇరుసు (స్పిండిల్) బిగించే చోట స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే అప్పడంలా విరిగింది. లోపల బయటపడింది ఇనుము కాదు, కార్ల సొట్టలు పూడ్చే పేస్టు. బ్లేడును మోసే స్పిండిల్ ఆ పేస్టు మీద నిలబడి ఉంది! అది ఊడి ఉంటే బ్లేడు ఎటు పోయేదో తలచుకుంటేనే భయం వేస్తోంది.

స్పిండిల్ బేరింగులు కూడా పోయాయి. చప్పుడు వినిపించకుండా గ్రీజు దట్టించారు. అదేమీ అంత ఖర్చు పని కాదు, చాలా బండ్లలో 6203, 6204 సైజులే ఉంటాయి, బేరింగుల దుకాణాల్లో దొరుకుతాయి. కొన్ని అమెరికా బండ్లలో లోపలి రంధ్రం అంగుళాల కొలతలో ఉంటుంది, అందుకని పాతది చేతిలో పట్టుకుని వెళ్లండి. బెల్టు సంగతి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పిండిమరకు వేసే మామూలు బెల్టు తగిలించారు. లాన్ మోవర్ బెల్టు జారుతూ పట్టుకునే పని చేస్తుంది, దానికి లోపల గట్టి దారాలు, పైన గుడ్డ పొర వేరుగా ఉంటాయి. మామూలు బెల్టు కాస్త ఎత్తు గడ్డి తగలగానే కాలిన వాసన వేసింది.

గాజువాక ఆటోనగర్‌లో డెక్ కుళ్లిన భాగం కోయించి, కొత్త ప్లేటు వెల్డింగ్ చేయించి, స్విచ్చిలు రెండూ తెప్పించి బిగించాం. ఇప్పటికే నలభై వేలు దాటింది. బండి ఇప్పుడు పని చేస్తోంది, కానీ ఆ డబ్బు ఎవరు భరించాలన్నదే గొడవ. "పాత వస్తువుకు గ్యారంటీ ఏమిటి సార్" అంటున్నారు. పాతది అని అమ్మి ఉంటే నిజమే. బాగుచేశామని చెప్పి అమ్మినప్పుడు ఆ మాట నిలబెట్టుకోవాలి. చిక్కల్లా ఏమిటంటే, వాళ్లు ఇచ్చింది తెల్ల కాగితం మీద రాసిన చీటీ. బిల్లు మీద ఇంజిను నంబరు, చేసిన పనుల వివరం రాయించుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి, విలువ 5 లక్షల లోపయితే రుసుము లేదు. బావగారిది సొంత తోట కనుక ఆ దారి తెరిచే ఉంది. వ్యాపారం కోసం కొన్న వస్తువుకు ఈ చట్టం సాధారణంగా వర్తించదు కాబట్టి ఫంక్షన్ హాళ్లవారు కొనేముందే రెట్టింపు జాగ్రత్త పడాలి.

మాకు అమ్మినవాళ్ల షెడ్డులోనే ఇంకో రెండు బండ్లకు రంగులు వేస్తున్నారని మెకానిక్ చెప్పాడు, ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. చూడడానికి వెళ్లేవారు ముందుగా ఫోను చేయకుండా వెళ్లి, సైలెన్సరు దగ్గర చెయ్యి పెట్టి ఇంజిను చల్లగా ఉందో లేదో చూడండి. ట్యాంకులోని పెట్రోలుతోనే స్టార్టు చేయమనండి. తర్వాత డెక్ పూర్తిగా పైకెత్తి, బ్లేడ్లు తిప్పి, కాళ్లు ఫుట్‌రెస్టు మీదే ఉంచి సీటు మీద నుంచి కొంచెం లేవండి. ఇంజిను ఆగకపోతే బేరం అక్కడితో ఆపేయండి.