మూడు గ్రాముల ల్యూర్‌కి ఏ రీలు? కోనసీమ కాలువల మీద వాడి చూసిన సంగతి

ఐదు గ్రాముల లోపు ల్యూర్ల (చేపని మోసగించే కృత్రిమ ఎరల) కోసమే గాలం రీలు కొనేవాళ్లు స్పిన్నింగ్ రీలు తీసుకోండి. 2000 సైజు చాలు, దాని మీద పీఈ 0.8 (దారం లావు చెప్పే అంకె) బ్రెయిడ్, అంటే అల్లిన దారం. కోనసీమ కాలువ గట్ల మీదా, యానాం వైపు గౌతమి పాయల్లోనూ కొన్నేళ్లుగా అన్ని రకాలూ వాడుతున్నాను. చేతిలోకి తీసుకోగానే నాకు సంతోషం కలిగించేది బీఎఫ్ఎస్ రీలే (చిన్న ల్యూర్ల కోసం తేలిగ్గా చేసిన బెయిట్‌కాస్టర్ రకం) అయినా, ఎవరైనా అడిగితే ముందు స్పిన్నింగ్ పేరే చెబుతాను.

స్పిన్నింగ్ రీల్లో విసిరేటప్పుడు స్పూలు, అంటే దారం చుట్టి ఉండే కండె, తిరగదు. దారం స్పూలు అంచు మీదుగా చుట్టలు చుట్టలుగా జారిపోతుంది. ఇంగ్లండులో నూలు మిల్లుల వృత్తిలో ఉన్న ఇల్లింగ్‌వర్త్ అనే ఆయన 1905లో ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. కదలని కండె కొస నుంచి నూలు ఊడి రావడం రోజూ చూసిన మనిషికి ఈ ఆలోచన తట్టిందంటే ఆశ్చర్యం లేదు. ల్యూర్ దేన్నీ తిప్పక్కర్లేదు, తన వెనక దారాన్ని లాక్కుపోతే సరిపోతుంది. అందుకే రెండు గ్రాముల జిగ్‌హెడ్ (బరువు తల ఉన్న గాలం) కూడా దీంతో హాయిగా వెళ్తుంది.

బెయిట్‌కాస్టర్ సంగతి వేరు. బావి గిలకలా దాని స్పూలు తిరిగితేనే దారం వస్తుంది, ఆ తిప్పే పని ల్యూర్ మీద పడుతుంది. పదిహేను గ్రాముల కప్ప ల్యూర్‌కి అది లెక్కలోది కాదు. మూడు గ్రాముల దానికి మాత్రం ఉన్న ఊపులో సగం అక్కడే పోతుంది. పైగా గాలి తగిలి ల్యూర్ నెమ్మదించినా స్పూలు అదే వేగంతో తిరుగుతుంటుంది. ల్యూర్ తీసుకునేదానికంటే ఎక్కువ దారం ఊడివచ్చి స్పూలు మీదే గూడు కట్టేస్తుంది. అది రాకుండా స్పూలు వేగం తగ్గించే బ్రేకు బిగిస్తే ల్యూర్ కాళ్ల ముందే పడుతుంది. ఎంత చెయ్యి తిరిగినవాళ్లయినా మామూలు బెయిట్‌కాస్టర్‌తో ఈ బరువులు సుఖంగా విసరలేరు. లోపం చేతిది కాదు, స్పూలు బరువుది.

బీఎఫ్ఎస్ రీళ్లు పుట్టింది ఆ బరువు తగ్గించడానికే. స్పూలు పది గ్రాముల లోపే ఉండేలా, లోతు లేకుండా చేస్తారు. నలభై యాభై మీటర్ల సన్న దారం మించి దాని మీద చుట్టకూడదు. ఎక్కువ దారం పడుతుంది కదా అని నింపితే ఆ దారం బరువే అడ్డమై, పెట్టిన డబ్బంతా వృథా. ఇలా సిద్ధం చేసిన రీలుతో మూడు గ్రాములు నమ్మకంగా విసురుతున్నాను. దూరంలో మాత్రం అదే ల్యూర్‌ని స్పిన్నింగ్ ఇంకా ముందుకు పంపుతుంది. రెండు గ్రాములకి దిగితే అసలు పోటీయే లేదు.

అయితే మన పంట కాలువలకి దూరంతో పనేముంది? అవతలి గట్టు కళ్లెదురుగానే ఉంటుంది. కొబ్బరి మట్టలు నీళ్ల మీదకి వంగి ఉంటాయి కాబట్టి తల మీదుగా విసరడం కుదరదు. గుర్రపుడెక్క మధ్య తట్టంత ఖాళీ ఉంటే ల్యూర్ అందులోనే పడాలి. అలాంటిచోట బీఎఫ్ఎస్ విలువ తెలుస్తుంది. రాడ్ కింది నుంచి ఊపి ల్యూర్‌ని నీళ్లకి జానెడు ఎత్తులో పంపిస్తూ, బొటనవేలు స్పూలు మీద ఆనించి, పడబోయే క్షణంలో ఆపేయొచ్చు. చుక్క చిందకుండా దిగుతుంది. వెంటనే హ్యాండిల్ కాస్త తిప్పితే చాలు, ల్యూర్ నాచులోకి కూరుకుపోకముందే దారం మన అదుపులోకి వస్తుంది. స్పిన్నింగ్ రీలుతో కూడా చూపుడువేలు స్పూలు అంచుకి తగిలించి ఆపొచ్చు కానీ ఇంత సూక్ష్మంగా నాకు రాదు. ఒకసారి లాకుల దగ్గర అలా దించిన ల్యూర్‌ని మట్టగిడస మునిగేలోపే అందుకుంది. పక్కన వానపాము గుచ్చుకుని కూర్చున్న పెద్దాయన "చప్పుడవలేదు బాబూ, అందుకే పట్టిందది" అన్నారు. చిన్న ల్యూర్ల విషయంలో అంతకు మించి చెప్పేదేం లేదనిపించింది.

కొరమేను కోసం మాత్రం ఈ సన్న సరంజామా తీసుకెళ్లొద్దు. రెండు కిలోల చేప గుర్రపుడెక్క వేళ్లలోకి దూరితే సన్న దారం తెగుతుంది, గాలం నోట్లో ఉండిపోయి చేప బాధపడుతుంది. దానికి బరువైన కప్ప ల్యూరు, లావు బ్రెయిడ్, గట్టి రాడ్ ఉండాలి. మామూలు బెయిట్‌కాస్టర్‌కి అసలు చోటు అక్కడే. ఇంకో మాట: వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు నీటి పైకి వచ్చి బుడగలు వదులుతుంటే దాని కిందే తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపు మీద ల్యూర్ వేస్తే కోపంతో తప్పకుండా పడతాయి. దయచేసి వెయ్యకండి. వాటిని తీసేస్తే పిల్లలన్నీ మిగతా చేపల నోట్లోకే పోతాయి.

గౌతమి వెడల్పుగా ఉన్నచోట మళ్లీ స్పిన్నింగే. మధ్యాహ్నం దాటితే సముద్రం గాలి లేస్తుంది. ఎదురుగాలిలో బీఎఫ్ఎస్ బ్రేకు సవరిస్తూనే గడిచిపోతుంది. స్పిన్నింగ్‌లో ఆ తలనొప్పి లేదు కానీ గాలికి దారం విల్లులా వంగి, ఆ వదులు స్పూలు మీదికెక్కి ముళ్లు పడతాయి. ల్యూర్ పడగానే బెయిల్‌ని (దారాన్ని స్పూలు మీదికి మళ్లించే తీగ కమ్మీని) చేత్తో మూసి, ఒకసారి దారం బిగలాగి, ఆ తర్వాతే చుట్టండి. ఈ ఒక్క అలవాటుతో నాకు ముళ్లు దాదాపు పోయాయి. ల్యూర్ బరువు ఒక్కటే చూడొద్దు, ఆకారం కూడా చూడండి. మూడు గ్రాముల జిగ్‌హెడ్‌కి గుచ్చిన రబ్బరు చేప గాలిని చీల్చుకుపోతుంది. ఐదు గ్రాముల తేలే బల్సా మిన్నో (తేలిక చెక్కతో చేసిన చేప ఆకారపు ల్యూర్) అయితే గాలిలో పల్టీలు కొట్టి సగం దూరంలోనే పడుతుంది. పాటు సమయంలో పాయల నోళ్ల దగ్గర పండుగప్ప పిల్లలు తగులుతాయి. వాటి మొప్పల అంచు కత్తిలా ఉంటుంది కాబట్టి చివర ఇరవై పౌండ్ల బలం ఉన్న ఫ్లోరోకార్బన్ (రాపిడికి ఓర్చే దారం) ముక్క కట్టాల్సిందే. కోరింగ అభయారణ్యం హద్దులోకి మాత్రం నేను గాలంతో వెళ్లను.

మూత ఉండి బొత్తాం నొక్కితే దారం వదిలే స్పిన్‌కాస్ట్ రీలు గురించి కూడా కొందరు అడుగుతున్నారు. 1949లో అమెరికాలో జెబ్కో మార్కెట్లోకి తెచ్చిన రకం ఇది. పిల్లలకి నేర్పడానికి బాగుంటుంది. మూత లోపల దారం రాసుకుంటుంది కాబట్టి చిన్న ల్యూర్లు దూరం పోవు.

ఉప్పునీళ్ల దగ్గర వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. బీఎఫ్ఎస్ స్పూలు తేలిగ్గా తిరగాలని చిన్న బేరింగుల్లో గ్రీజు పెట్టరు, పల్చటి నూనె చుక్క మాత్రమే వేస్తారు. ఉప్పు తగిలితే వాటిని కాపాడేది ఏమీ ఉండదు. యానాం నుంచి ఇంటికి రాగానే డ్రాగ్ (చేప లాగితే దారం వదిలే బిగింపు) బిగించి, సన్న ధారగా మంచినీళ్లు పోసి తుడిచి, ఆరాక చుక్క నూనె వేస్తాను. మర్నాటికి వాయిదా వేస్తే స్పూలు గరగరలాడడం మొదలవుతుంది, మూడు గ్రాముల ల్యూర్ మళ్లీ కాళ్ల ముందే పడుతుంది. నా స్పిన్నింగ్ రీలు ఒకటి రెండు రోజుల నిర్లక్ష్యాన్ని ఓర్చుకుంటోంది, అయినా దాని లైన్ రోలర్‌లో (దారం మీదుగా నడిచే చిన్న చక్రంలో) నూనె వెయ్యడం మరవద్దు. అది తిరగడం మానేస్తే బ్రెయిడ్ అక్కడే కోసుకుపోతుంది.