వినపడని సీబీ రేడియోతో నాలుగు జీడి సీజన్లు

మాది ఉద్దానంలో ఒక ఊరు. ఇంటికి కిలోమీటరున్నర దూరంలో జీడితోట ఉంది. మార్చి నుంచి మే దాకా, పిక్కలు రాలే రోజుల్లో, నాన్న రాత్రుళ్లు తోటలోని పాకలోనే పడుకుంటాడు. తోటల్లోకి వచ్చే ఎలుగుబంట్ల సంగతి మా వైపు వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. తోటలో ఫోన్‌కి ఒక గీత వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. అందుకని ఓడల్లో పనిచేసే మా కవిటి బావ 2021లో అమెరికాలో ఒక పాతసామాన్ల సంతలో రెండు సీబీ (సిటిజన్స్ బ్యాండ్) సెట్లు, అంటే మామూలు జనం దగ్గరి దూరాలకి మాట్లాడుకునే వైర్‌లెస్ సెట్లు, కొని తెచ్చాడు. ఒకటి లారీ డ్యాష్‌బోర్డు కింద బిగించేది, రెండోది చేత్తో పట్టుకునేది. రెండూ కలిపి 40 డాలర్లు. కంపెనీ పేరు చెప్పను. నాకొచ్చిన తిప్పలు ఏ పాత సెట్‌కైనా వచ్చేవే.

మా ఏర్పాటు ఇది. చేతి సెట్ నాన్న దగ్గర, పెద్ద సెట్ ఇంట్లో. నాన్న మాట్లాడతాడు, నేను వింటాను. తిరిగి మాట్లాడను. విన్నానని చెప్పడానికి మేడ మీద బల్బు వెలిగిస్తాను, అది తోటలోకి కనిపిస్తుంది. నవ్వొస్తే నవ్వండి గానీ దానికో కారణం ఉంది. మన దేశంలో 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ మధ్య, 5 వాట్ల లోపు సెట్లకి 2005 నుంచి లైసెన్సు అక్కర్లేదు. కానీ ఆ మినహాయింపు సెట్‌కే యాంటెన్నా అమర్చి ఉన్నవాటికి. నా పెద్ద సెట్ యాంటెన్నా మేడ మీద ఉంది. అందుకే మాట్లాడే బటన్ నొక్కను. ఇంకో మాట, అమెరికా సెట్లో 40 ఛానెళ్లు ఉన్నా 27వ ఛానెల్ 27.275 దగ్గర ఉంటుంది, 28 నుంచి పైవన్నీ మన హద్దు దాటిపోతాయి. మేం వాడేది 14, అంటే 27.125.

మొదటిరోజు సెట్‌కి బ్యాటరీ కలిపితే లైటు వెలిగింది, శబ్దం మాత్రం లేదు. గరగర కూడా లేదు. స్పీకర్ పోయిందనుకుని విప్పబోతుంటే బావ ఫోన్లో అడిగాడు, "మైకు పెట్టావా?" వినడానికి మైకెందుకని పెట్టెలోనే వదిలేశాను. ఈ తరహా పాత సెట్లు చాలావాటిలో స్పీకర్ దారి మైకు బటన్ మీదుగా పోతుంది. మైకు లేకపోతే సెట్ మూగదే. పెట్టగానే సుయ్యిమని మొదలైంది. ఇలాంటివే ఇంకో రెండున్నాయి. పీఏ (సెట్‌ని మైకుసెట్టులా వాడుకునే పద్ధతి) అని రాసున్న స్విచ్ అటు పడి ఉన్నా, వచ్చే అలల్ని ఎంత పట్టుకోవాలో చెప్పే ఆర్‌ఎఫ్ గెయిన్ నాబ్ తగ్గించి ఉన్నా సెట్ పాడైందనే అనిపిస్తుంది. విప్పే ముందు ఈ మూడూ చూసుకోండి.

గరగర వచ్చింది గానీ నాన్న గొంతు రాలేదు. వీధి చివర నుంచి మాట్లాడించినా సిగ్నల్ బలం చూపే మీటరు ముల్లు కదల్లేదు. ఇక్కడే రెండు వారాలు పోయాయి. ఎందుకంటే తప్పు సెట్‌లోదని ముందే నిర్ణయించేసుకున్నాను. చివరికి తేల్చింది ఒక తీగ ముక్క. యాంటెన్నా కేబుల్ ఊడదీసి, వెనక సాకెట్ మధ్య కన్నంలో రెండున్నర మీటర్ల మామూలు వైరు గుచ్చి కిటికీకి వేలాడదీశాను. వెంటనే స్పష్టంగా వినిపించింది, "ఒరే, ఇనపడతందేట్రా?" సెట్ బాగానే ఉంది, తప్పు కేబుల్‌ది. ఇంతకన్నా చిన్న పరీక్ష ఇంకోటుంది. కేబుల్ పెడుతూ తీస్తూ వినండి. పెట్టినప్పుడు గరగర పెరగాలి. తేడా లేదంటే యాంటెన్నా సెట్‌ని చేరడం లేదు, లేదా సెట్ ముందు భాగం చచ్చిపోయింది. ఆ రెండింటిలో ఏదో ఈ తీగ ముక్కే చెబుతుంది.

కేబుల్‌ని మల్టీమీటర్‌తో చూస్తే లోపలి తీగకి బీప్ వచ్చింది, దాని చుట్టూ ఉండే సన్నతీగల అల్లికకి రాలేదు. మేడ మీది కొస దగ్గర నల్లతొడుగు బ్లేడుతో చీరితే అల్లిక ఆకుపచ్చ పొడైపోయి ఉంది. వేలితో రుద్దితే రాలిపోయింది. మాకు సముద్రం దగ్గర, ఉప్పుగాలి ఇనుమునే తినేస్తుంది, ఇదెంత? వాన నీరు కొసలోంచి దిగి అల్లిక వెంబడి ఒక మీటరు దాకా పాకింది. అంతా తీసేసి కొత్త కేబుల్ వేశాను. కనెక్టర్‌కి అల్లికని బిగించి వదిలేయకుండా సోల్డరింగ్ చేశాను, పైన సైకిల్ ట్యూబు ముక్క సాగదీసి చుట్టి, దాని మీద టేపు వేశాను. నీరు జారి కింద కారిపోయేలా ఇంట్లోకి వచ్చే చోట కేబుల్‌కి ఒక వంపు కూడా ఇచ్చాను. యాంటెన్నా నేను చేసుకున్నదే. వెదురుగడకి నిలువుగా 2.63 మీటర్ల రాగితీగ, దాని మొదట్లోంచి నాలుగు దిక్కులకీ అదే పొడవు నాలుగు తీగలు. ఈ నాలుగూ అల్లికకి కలవాలి, లేకపోతే వినికిడి బాగా తగ్గిపోతుంది.

సీజన్ మొదలయ్యాక ఇంకో వింత. నాన్న మొదటి మాట బాగా వినిపించేది. నేను బల్బు వేసేవాణ్ణి. ఆ తర్వాత మాట్లాడేదంతా బుయ్యిమనే మోతలో కలిసిపోయేది. బ్యాటరీని, దూరాన్ని, చివరికి నాన్న పట్టుకునే తీరుని కూడా అనుమానించాను. ఒకరోజు ఊరంతా కరెంటు పోయినప్పుడు గంట కొట్టినట్టు వినపడింది. కరెంటు వచ్చాక ఒక్కొక్క స్విచ్చే వేసుకుంటూ పోతే దొంగ దొరికాడు. జవాబు చెప్పే ఎల్‌ఈడీ బల్బే! దాన్లో కరెంటుని మార్చే చవక సర్క్యూట్ (డ్రైవర్) యాంటెన్నాకి రెండు మీటర్ల దూరంలో కూర్చుని మోత పెడుతోంది. పాత ఫిలమెంట్ బల్బు వెతికి పెట్టాను, మోత పోయింది. ఫోన్ ఛార్జర్ కూడా కొంచెం గోల చేస్తుంది కాబట్టి రాత్రి పీకేస్తాను. సెట్‌కి అడాప్టర్ వాడను, యూపీఎస్‌లోంచి తీసిన 12 వోల్టుల బ్యాటరీ వాడతాను. వినడానికే కాబట్టి రాత్రంతా వస్తుంది.

సెట్ మీద ఎవరూ గట్టిగా హెచ్చరించని నాబ్ స్క్వెల్చ్. గరగరని ఆపే తలుపు అది. ఎక్కువ బిగిస్తే బలహీనమైన గొంతుని కూడా బయటే ఆపేస్తుంది. 2024 వేసవిలో పగటిపూట ఎక్కడెక్కడివో భాషలు దూసుకొచ్చేవి. సూర్యుడి మీద మచ్చలు ఎక్కువగా ఉన్న కాలమది, అలాంటప్పుడు 27 మెగాహెర్ట్జ్ అలలు పైవాతావరణానికి తగిలి వేల కిలోమీటర్లు పోతాయి. పొద్దుగూకి కొంతసేపయ్యాక చాలావరకు తగ్గిపోతాయి. ఒక సాయంత్రం ఆ గోల భరించలేక స్క్వెల్చ్ చివరిదాకా తిప్పి, అలాగే మరిచిపోయి పడుకున్నాను. తెల్లారి నాన్న వచ్చి గుమ్మంలోనే సెట్ నా ముందు పడేశాడు. పనసచెట్టు కింద ఎలుగు ఉంటే మూడుసార్లు పిలిచాడట. "ఈ డబ్బా కంటే పళ్లెం మోగించడమే నయం" అన్నాడు. ఏమీ అనలేకపోయాను. ఆ రోజు నుంచి రాత్రి స్క్వెల్చ్ పూర్తిగా తెరిచే ఉంచుతాను. ఆ సొదకి నా భార్య పక్కగదిలోకి మారిపోయింది.

మూడో ఏడు శబ్దం ఉండుండి పోవడం, నెత్తిన ఒకటిస్తే రావడం మొదలైంది. కాశీబుగ్గలో టీవీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. మూత తీయగానే స్క్రూడ్రైవర్‌తో ఐఎఫ్ కాయిళ్ల (సెట్ లోపలి ట్యూనింగ్ సరిచేసే తీగచుట్టల) వైపు వెళ్లబోతే చెయ్యి పట్టుకున్నాను. పరీక్షకి కచ్చితమైన సిగ్నల్ ఇచ్చే పరికరం, సిగ్నల్ జనరేటర్, లేకుండా వాటిని కదిపితే మళ్లీ చోటు దొరకదు. "సరే బాబూ, నీ సెట్టు నీ ఇష్టం" అని నవ్వి, బయటి స్పీకర్ పెట్టే జాక్ చూపించాడు. ఏమీ గుచ్చనప్పుడు లోపలి స్పీకర్‌కి దారిచ్చే రేకు దాన్లో ఉంటుంది, అది నల్లబడింది. స్పిరిట్ అద్ది, ఒక పిన్నుని పదిసార్లు గుచ్చి తీస్తే సరిపోయింది. ఉబ్బిన కెపాసిటర్ ఒకటి కూడా మార్చాడు. వంద రూపాయలు తీసుకున్నాడు.

కొనాలా అని అడిగితే, ఊళ్లో ఫోన్ పలికేవాళ్లకి ఇది దండగ. అవతల మాట్లాడేవాళ్లు లేకపోతే గరగర తప్ప ఇంకేమీ వినపడదు. మాలాగా తోట, ఇల్లు, మధ్యలో చీకటి ఉన్నవాళ్లకైతే పనికొస్తుంది. చేతి సెట్ యాంటెన్నా పూర్తిగా లాగి నిలువుగా పట్టుకోవాలని మాత్రం వాడేవాళ్లకి నేర్పాలి. నాన్న దాన్ని చంకలో పెట్టుకుని మాట్లాడేవాడు. ఉరుములప్పుడు కేబుల్ పీకి బయట పడేస్తాను, ఆ రాత్రి నాన్నని ఇంటికే వచ్చేయమంటాను.

ఈ మధ్య ఛానెల్ నాబ్ 14 దగ్గర అతుక్కుపోయింది, ఎటూ తిరగదు. మాకు కావాల్సిందీ 14నే కాబట్టి విప్పలేదు.